పండుగ లేని ఇల్లు

మా ఇంట్లో క్రిస్మస్ లేదు. ఈస్టర్ లేదు, గుడ్ ఫ్రైడే లేదు, పుట్టినరోజులు కూడా లేవు. ఈ మాట చెప్పినప్పుడల్లా మీర్‌పేట్‌లో నేను పాఠాలు చెప్పే స్కూలు స్టాఫ్ రూములో అందరూ నన్ను అదోలా చూస్తారు. క్రైస్తవులై ఉండి క్రిస్మస్ చేసుకోకపోవడమేమిటని. కొత్తలో ఓపిగ్గా విడమర్చి చెప్పేదాన్ని. ఇప్పుడు అంత ఓపిక లేదు, “మాకు లేదండీ” అనేసి టిఫిన్ డబ్బా మూత తీసుకుంటాను.

నేను పుట్టి పెరిగిన ఇల్లు ఇలాంటిది కాదు. మాది తెనాలి వైపు. మిషన్ చర్చి, దానికి పెద్ద గంట, ఏడాది పొడుగునా పండుగలు. డిసెంబరు వస్తే నాన్న వెదురుబద్దలు చీల్చి, రంగు కాగితం అంటించి నక్షత్రం కట్టేవారు. అమ్మ డబ్బాలకొద్దీ కజ్జికాయలు చేసేది. వీధిలో ఎవరిది ఏ మతమని చూడకుండా ఇంటింటికీ పళ్లెం వెళ్లాల్సిందే. మట్టలాదివారం నాడు ఈత మట్టలు పట్టుకుని ఊరంతా తిరిగేవాళ్లం. నవంబరులో సమాధుల పండుగ వచ్చేది. ముందు రోజే వెళ్లి మా నాయనమ్మ సమాధికి సున్నం వేసి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించేవాళ్లం. పెద్దవాళ్లు ఏడుస్తుంటే పిల్లలం కరిగిన మైనం ఉండలు చేసుకుని ఆడుకునేవాళ్లం. అది తప్పని మాకెవరూ చెప్పలేదు.

నా పెళ్లి మాటలప్పుడు అటువైపు వాళ్లు ఏదీ దాచలేదు. తాము పండుగలు చేయమనీ, లేఖనంలో ఆజ్ఞ ఉన్నదే చేస్తామనీ ముందే చెప్పారు. అబ్బాయి బుద్ధిమంతుడు, ఉద్యోగం ఉంది, ఇంతకన్నా ఏం కావాలని మా నాన్న సరేనన్నారు. పండుగలదేముంది, పుట్టింటికి వచ్చి చేసుకుంటుందిలే అని అమ్మతో అన్నారట. తీరా పెళ్లయ్యాక డిసెంబరులో స్కూలు సెలవులు నాలుగు రోజులు, వెళ్లేందుకు రైలు టికెట్టు దొరకదు. అలా నా పండుగలు కూడా పోయాయి.

మా అత్తింటివారి సహవాసం ఆరాధనకు కూడేది ఎల్.బి.నగర్‌లో, టైర్ల దుకాణం పైన రెండో అంతస్తులో. గంట లేదు, శిలువ లేదు, గోడ మీద బొమ్మ లేదు. ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో ఒక బల్ల, దాని మీద ఒకే రొట్టె, ఒకే గిన్నె. ఆడవాళ్లం ముసుగేసుకుని ఒకవైపు, మగవాళ్లు ఇంకోవైపు. ప్రభువు తన మరణాన్ని జ్ఞాపకం చేసుకోమన్నాడు కాబట్టి ప్రతి ఆదివారం చేసుకుంటాం. పుట్టుకను చేసుకోమని ఎక్కడా అనలేదు కాబట్టి చేసుకోం. అంతే. ఈ లెక్కలో నాకు తప్పు దొరకలేదు. దొరకనందుకే ఒళ్లు మండేది.

ఆ సహవాసంలో పెద్ద మా మామయ్యగారు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. మా అత్తగారు నా పెళ్లికి ముందే పోయారు. ఆయన గద్దించే రకమైతే నాకు సుఖంగా ఉండేది, రోజుకోసారి పోట్లాడేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ ఆయన కంచం తీసి కడుక్కునే మనిషి, నేను స్కూలు నుంచి వచ్చేసరికి బియ్యం కడిగి పెట్టే మనిషి. మా అమ్మాయి ఎల్‌కేజీలో ఉండగా స్కూల్లో ఇచ్చిన క్రిస్మస్ తాత టోపీ పెట్టుకుని ఇంటికొస్తే గబుక్కున లాగి దాచబోయాను. ఆయన దాన్ని తిప్పి చూసి, చెవులకి చలెయ్యదు, పెట్టుకోవే అన్నారు. ఇలాంటి మనిషితో ఏం పోట్లాడతాం?

ఒకసారి మాత్రం అడిగేశాను, ఏడాదికి ఒక్కరోజు సంతోషంగా ఉంటే దేవుడికొచ్చిన నష్టమేమిటని. ఆయన వెంటనే వాక్యం చెప్పలేదు. తన చిన్నప్పటి సంగతి చెప్పారు. వాళ్ల ఊరి చర్చిలో క్రిస్మస్ నాడు కొత్తబట్టలున్న పిల్లలు ముందు చాపల మీద కూర్చునేవారట. లేనివాళ్లు వాళ్లంతట వాళ్లే వెనక్కి జరిగేవారట, ఎవరూ చెప్పకుండానే. ఆయన ఏటా వెనక చాపే. పెద్దయ్యాక పట్నం వచ్చి, ఈ సహవాసంలో అన్ని రోజులూ ఒకటే అన్న మాట వినేసరికి ప్రాణం లేచొచ్చిందట.

“పండుగ రోజున పాత చొక్కా వేసుకున్నవాడికి తెలుస్తుందమ్మాయ్, అన్ని రోజులూ ఒకటే అయితే ఎంత బాగుంటుందో” అన్నారు.

నేను ముందు చాప మీద కూర్చున్నదాన్ని. వెనక ఎవరున్నారో ఎప్పుడూ తిరిగి చూడలేదు.

ఇక అసలు సంగతి. మా అమ్మాయి కంటే ముందు నాకు ఒక బాబు పుట్టాడు. జూలై నెల, ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. ఒకటిన్నర రోజు బతికాడు. నాకు ఫిట్స్ వచ్చి ఐసీయూలో ఉన్నాను, మా ఆయన నా మంచం వదల్లేదు. బాబును తీసుకెళ్లి మట్టి చేసింది మామయ్యగారు ఒక్కరే. పది రోజులకు నేను ఇంటికి వచ్చేసరికి బాబు కోసం పాత చీరలతో కుట్టుకున్న బొంతలన్నీ అటక మీదికి వెళ్లిపోయాయి. ఎవరూ ఏమీ అనలేదు. మా వాళ్లలో నలభయ్యో రోజు కూడిక పెట్టరు, ఏడాది కూడిక పెట్టరు, సమాధుల దగ్గరికి రోజు పెట్టుకుని వెళ్లరు. పసివాడు ప్రభువు చేతుల్లో ఉన్నాడు, అంతే. మా ఆయన్ని ఒకసారి అడిగాను, ఎక్కడ పెట్టారని. ఎల్.బి.నగర్ అవతల సమాధుల తోటలో, నాకూ సరిగ్గా తెలియదంటూ లేచి బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పుకున్నారు. మళ్లీ అడగలేదు. మామయ్యగారిని అడిగితే అక్కడ మట్టే ఉంది, వాడు లేడమ్మా అంటారేమోనని భయం. ఆ మాట నిజమే కావచ్చు. నేను వినదలచుకోలేదు.

ఆ సెప్టెంబరులో సరూర్‌నగర్‌లో ఇప్పుడున్న ఇంటికి మారాం. మేం పైన కిరాయికి, ఇంటివాళ్లు కింద. వాళ్లు పోచంపల్లి వైపు మగ్గాలున్న ఊరివాళ్లు, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. ఇంటి ఓనరమ్మను నేను ఆంటీ అంటాను. ఆమె నన్ను మొదటి రోజు నుంచీ బిడ్డా అంది. నా కథ ఆమెకేమీ తెలియదు.

డిసెంబరు ఇరవై అయిదు వచ్చింది. మా వాళ్ల పద్ధతి ప్రకారం ఆ రోజు కావాలనే మామూలుగా ఉంటాం. పొద్దున్నే దుప్పట్లు ఉతికి డాబా మీద ఆరేశాను. పొయ్యి మీద పప్పుచారు. మామయ్యగారు ముందు గదిలో చదువుకుంటున్నారు. పది గంటలప్పుడు ఆంటీ మెట్లెక్కి వచ్చింది, చేతిలో పెద్ద స్టీలు డబ్బా. కుర్చీ వేస్తే కూర్చోలేదు, గోడకానుకుని నేల మీద కూర్చుంది. మొహం చూస్తే పండుగ శుభాకాంక్షలు చెప్పడానికి వచ్చిన మనిషిలా లేదు. నా చెయ్యి పట్టుకుంది.

“ఎవరు పోయిన్రు బిడ్డా? నాకు ఒక్క మాట చెప్పకపోతిరి” అంది.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది ఆమె లెక్క. వాళ్లలో మనిషి పోయిన ఇంట్లో ఆ ఏడాదంతా పండుగ చేసుకోరు, పొయ్యి మీద మూకుడు పెట్టరు. చుట్టాలూ ఇరుగుపొరుగులే ఏదో ఒకటి వండి తెచ్చిపెడతారు. కిరస్తానీల ఇల్లు, పెద్ద పండుగ, గుమ్మానికి నక్షత్రం లేదు, నూనె వాసన లేదు, కోడలు పాత చీర కట్టుకుని దుప్పట్లు ఉతుకుతోంది. కింద నుంచి ఇదంతా చూసి ఆమెకు ఒకటే తోచింది. ఈ ఇంట్లో ఎవరో పోయారు.

అలాంటిదేమీ లేదాంటీ, మాకు అసలు పండుగే లేదని చెప్పాలి. సరైన జవాబు అదే, మామయ్యగారు అక్కడే కూర్చుని ఉన్నారు. కానీ నా నోట్లోంచి వచ్చింది “బాబు” అన్న మాట.

ఆ తర్వాత ఎంతసేపు ఏడ్చానో నాకు తెలియదు. ఆమె ఊరుకో అనలేదు. ఎన్ని దినాలు బతికాడని అడిగింది. చూసినవా అని అడిగింది. అద్దంలోంచి ఒక్కసారి చూపించారని చెప్పాను. ఎవరి పోలిక అని అడిగింది. అయిదు నెలల్లో నన్ను ఆ మాట అడిగిన మనిషి లేడు. ముక్కు మామయ్యగారిది అని చెప్పాను. వెనక కుర్చీ చప్పుడైంది. ఆయన లేచి లోపలికి వెళ్లిపోయారు.

కాసేపటికి మళ్లీ వచ్చి డబ్బా వంక చూస్తూ నిలబడ్డారు. ఇవి పండుగకని చేసినవా అమ్మా అని ఆంటీని అడిగారు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. కడుపు మండి ఏడుస్తుంటే ఈయనకి ఇప్పుడు కూడా వాక్యమే కావాలా అనుకున్నాను. ఆంటీ మాత్రం ఏమీ నొచ్చుకోలేదు.

“పండుగకు కాదన్నా. పండుగ లేని ఇంటికి తెచ్చిన” అంది.

ఆయన వంగి డబ్బాలోంచి ఒకటి తీసుకుని, నిలబడే తిన్నారు. ఆమె గర్జెలంది, నేను కజ్జికాయలంటాను, రెండూ ఒకటే. మా అమ్మ చేసినవాటి కంటే బెల్లం ఎక్కువైంది. నేను నాలుగు తిన్నాను.

మరుసటి ఏడు కూడా ఆమె డబ్బాతో వస్తే ఇక దాచకుండా చెప్పేశాను, మాది ఏడాది మైల కాదు, మాకు ఎప్పటికీ పండుగల్లేవని. ఆమె బుగ్గన వేలేసుకుంది. మరి దేవుణ్ని ఎట్ల తలుచుకుంటరని అడిగితే, ప్రతి ఆదివారం ఆయన చావును జ్ఞాపకం చేసుకుంటామని చెప్పాను. వారం వారం తద్దినమా, మేం ఏడాదికొకటి పెట్టనీకే పరేషానైతం గదనే అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ఇంట్లో నేను గట్టిగా నవ్వడం అదే మొదలు. అప్పటికి మా అమ్మాయి కడుపులో ఉంది.

నవ్వాక ఆమె ఒక మాట అంది. అది నా మనసులో నాటుకుపోయింది.

“పిల్లగానికి ఏడాదికి ఒక్క దినమన్న పెట్టుకోవాలె బిడ్డా. దినం పెట్టుకోకుంటే ఏడాదంత గదే దినమైతది.”

నిజం. నాకు ఏడాదంతా అదే దినంగా ఉంది. అమ్మాయికి జ్వరం వస్తే అదే, వాడి ఈడువాడెవడైనా స్కూలు బస్సు దిగితే అదే. ఒక తారీఖు కావాలి నాకు. ఆ రోజు వాడి దగ్గరికి వెళ్లాలి, పూలు పెట్టాలి, ఏడవాలి, ఇంటికొచ్చి అన్నం తినాలి. దీనికి వాక్యంలో ఆజ్ఞ లేదని నాకు తెలుసు. వద్దని కూడా లేదు. రోజులన్నీ ఒకటేనని ఎంచేవాడూ, ఒక రోజును ఎక్కువగా ఎంచేవాడూ, ఎవడికి వాడు తన మనసులో నిశ్చయపరచుకోవాలనే ఉంది. ఇవన్నీ లోపల లోపల వాదించుకోవడమే, బయటికి అనేసరికి బాబు పోయి ఏడేళ్లయింది.

పోయిన జూలైలో, ఆ తారీఖున, స్కూలుకు సెలవు పెట్టాను. మా ఆయన ఆఫీసు పని మీద ఊళ్లో లేరు. అమ్మాయిని బడికి పంపి, మామయ్యగారి ముందు నిలబడి సమాధుల తోటకు వెళ్తున్నానని చెప్పాను. అడగలేదు, చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీశారు. రోజు పెట్టుకుంటే మిగతా రోజులు ఖాళీ అయిపోతాయమ్మాయ్ అన్నారు, ఎంతో మెల్లగా.

“మీకు రోజులన్నీ ఉన్నాయి మామయ్యా. నాకు ఒక్కటి కూడా లేదు” అన్నాను.

ఆయన కాస్త ఆగు అన్నారు. ఏదో చెప్పబోయారు. నేను ఆగితే కదా. చెప్పులేసుకుని టకటకా మెట్లు దిగేశాను. ఆ పొగరుకు ఫలితం గంటలోపే అనుభవించాను.

ఆంటీ కూడా వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో పూలు కొన్నాం. నేను పెద్ద దండ పట్టుకుంటే, చిన్న పిల్లగానికి గంత పెద్దది బరువైతది, విడిపూలు తీస్కో అంది. ఆటోలో ఎల్.బి.నగర్ దాటి వెళ్లాం. వాళ్లలో ఆడవాళ్లు అలాంటి చోటికి రారు కాబట్టి ఆమె గేటు బయటే ఆగింది. నేను లోపలికి వెళ్లాను.

వెళ్లాను గానీ, ఎక్కడికి వెళ్లాలి? ఏ వరస? ఏ మూల? పిల్లల సమాధులకు రాళ్లుండవు. వానలకు మట్టి కుంగి, మోకాళ్లెత్తు గడ్డి మొలిచి అంతా ఒకేలా ఉంది. కాపలా మనిషి కొత్తవాడు, ఏడేళ్ల కిందటి సంగతి తనకేం తెలుసన్నాడు. అటు తిరిగాను, ఇటు తిరిగాను. కన్నకొడుకు ఎక్కడున్నాడో తెలియని తల్లి ఉంటుందా? సిగ్గుతో చచ్చిపోయాను. కొంగులో పూలు పెట్టుకుని ఎవరి మీదా కాలు వేయకుండా నిలబడే చోటు కూడా దొరకలేదు. చివరికి ఫోన్ తీసి మామయ్యగారికి చేశాను.

నేను ఏమీ చెప్పకముందే ఆయనకు అర్థమైంది. ఫోన్ కోసమే కూర్చున్నట్టున్నారు.

“గేటు దగ్గరికి వెళ్లి మళ్లీ రా” అన్నారు. “కుడివైపు నీళ్ల కుళాయి ఉంటుంది, నిరుడే వేశారు. దాని వెనక గోడ వెంబడి చిన్నపిల్లల వరస. చివరి నుంచి నాలుగోది. ఎర్రరాయి పెట్టాను, గడ్డిలో కనపడదు, కాలితో తడుముకో. అక్కడే ఉన్నాడు మన...” అంటూ ఒక పేరు చెప్పారు.

ఎంతో మామూలుగా చెప్పారు. ఇంట్లో తిరిగే పిల్లవాడి పేరు చెప్పినట్టు.

“ఎవరు మామయ్యా?” అన్నాను.

గుంట తవ్వినతను పేరేమిటని అడిగాడమ్మాయ్ అన్నారు. పేరు లేకుండా బిడ్డ మీద మట్టి వేయబుద్ధి కాలేదన్నారు. అప్పటికప్పుడు తోచిన పేరు పెట్టి, ఆ పేరుతోనే ప్రార్థన చేసి, మట్టి వేశారట.

నా బిడ్డకు పేరుంది. ఏడేళ్ల నుంచి ఉంది. నేను లోపల బాబూ బాబూ అనుకుంటూ ఏడ్చిన ప్రతిసారీ, పక్క గదిలో ఒక మనిషి వాడికి పేరుందని తెలిసి కూర్చున్నాడు. నాకు దుఃఖం కంటే ముందు కోపమే వచ్చింది. ఎప్పుడెప్పుడు వస్తుంటారిక్కడికి అని అడిగాను. రోజంటూ ఏమీ లేదు, కూరగాయలకని బయల్దేరినప్పుడు, బస్సు ఖాళీగా కనిపించినప్పుడు అన్నారు. వానాకాలం గడ్డి పీకడానికి వస్తారట. మరి నాకెందుకు చెప్పలేదు, నన్నెందుకు తీసుకురాలేదని అరిచాను, సమాధుల తోటలో, అంత గట్టిగా.

“నువ్వు అడగలేదు. మర్చిపోతున్నావేమో, కెలకడమెందుకని ఊరుకున్నానమ్మా. తప్పు చేశాను” అన్నారు.

నా అరుపు విని ఆంటీ ఆచారం గీచారం వదిలేసి లోపలికి పరిగెత్తుకొచ్చింది. ఇద్దరం గోడ వెంబడి వెళ్లి నాలుగోది లెక్కపెట్టాం. ఎర్రరాయి కాలికి తగిలింది. చుట్టూ ఒక జానెడు మేర గడ్డి లేదు. ఫోన్ ఇంకా నా చెవి దగ్గరే ఉంది.

మీరూ రండి మామయ్యా అన్నాను.

ఇవాళా అన్నారాయన. అంతే అన్నారు. ఆ ఒక్క మాటలో ఆయన నలభై ఏళ్ల మనస్సాక్షి ఉంది. తారీఖు పెట్టుకుని సమాధి దగ్గరికి రావడమంటే ఆయన చేయనిది చేయడం. వెనక చాప మీద కూర్చున్న పిల్లవాడు నాకు కనిపించాడు. నా తారీఖు కోసం ఏడేళ్లు కొట్టుకున్నదాన్ని, ఆ క్షణంలో నాకు తారీఖు అక్కర్లేకపోయింది. ఆయన పక్కన నిలబడితే చాలనిపించింది.

“ఇవాళ ఏ రోజూ కాదు మామయ్యా. గురువారం. రండి.”

ముప్పావు గంటకు వచ్చారు. బస్సు దిగి నడిచొచ్చినట్టున్నారు, చొక్కా వీపుకంటుకుపోయింది. కూరగాయల సంచి కూడా చేతిలోనే ఉంది. వచ్చి, నాకు ఎదురుగా నేల మీద కూర్చుని, ఆ జానెడు అవతలి గడ్డి పీకడం మొదలుపెట్టారు. ఆంటీ విడిపూలు నా దోసిట్లో పోసింది. ప్రార్థన ఎవరూ చేయలేదు, పాట పాడలేదు.

ఆ పేరు ఇక్కడ రాయను. అది మా ఇంటిది. ఫోన్‌లో ఒక్కసారే విన్నాను కాబట్టి సరిగ్గా అదేనా అని ఆయన్ని మళ్లీ అడిగాను. అదేనమ్మా అన్నారు. అప్పుడు పిలిచాను. ముందు నెమ్మదిగా పిలిచాను, తర్వాత వీధిలో ఆడుకుంటున్న ఏడేళ్లవాణ్ని అన్నానికి పిలిచినంత గట్టిగా పిలిచాను. మామయ్యగారు తల దించుకుని గడ్డి పీకుతూనే, నాతోపాటు ఆయన కూడా పిలిచారు.